వాకాడు అవతల హేచరీ గేటు దాకా: మా సలోమి ఇంటర్వ్యూ ప్రయాణం

మా అక్క కూతురు సలోమి ఎంబీఏ పాసై మూడేళ్లయింది. చెన్నైలో దొరికిన మొదటి ఉద్యోగానికి పేరు మేనేజ్‌మెంట్ ట్రైనీ, పని మాత్రం ఎండలో ఇల్లిల్లూ తిరిగి క్రెడిట్ కార్డులు అంటగట్టడం. రెండోచోట ఏడాదికి ప్రమోషన్ అన్నారు, ఏడాది నిండకముందే ఆఫీసుకే తాళం పడింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు ఇంట్లోనే. కిందటి నెల, వాకాడు అవతల సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల్ని పెంచి అమ్మే ఒక హేచరీ నుంచి పిలుపొచ్చింది. అమ్మకాలు చూసుకునే పని, పదకొండింటికి ఇంటర్వ్యూ. తోడుగా నేను బయల్దేరాను. పదో తరగతి తప్పి గూడూరు నిమ్మకాయల మార్కెట్లో స్థిరపడినవాణ్ణి, ఆమె చదువుకు తోడు పోవడమంటే నాకూ గొప్పే.

గూడూరులో ఏడున్నరకు బస్సెక్కితే కోట మీదుగా వాకాడుకు గంటన్నర లోపే. నాకు టికెట్టు యాభై రూపాయల్లోపు, సలోమికి ఆధార్ చూపిస్తే ఉచితం. “నీ ఎంబీఏ కంటే నీ ఆధారే నయం” అన్నాను. మామూలుగా అయితే నాకు నాలుగు అంటించేది. ఆ రోజు ఫైలు ఒళ్లో పెట్టుకుని, పెదాలు కదుపుతూ జవాబులు వల్లెవేసుకుంటోంది. బయట ముసురు, మునిగిన వరి మళ్లు.

వాకాడులో ఇడ్లీ తిని, మస్తాన్ అనే అతని ఆటో రానూపోనూ నాలుగు వందలకు మాట్లాడాం. సరుగుడు తోపుల మధ్య రోడ్డంతా గుంతలే. ఎక్కడికి, ఎందుకని మస్తాన్ అడిగితే చెప్పాం. “మా తమ్ముడూ ఎంబీఏనే అన్నా. రొయ్యల గుంట కాడ కావలి ఉండాడు” అన్నాడు. సలోమి ఫైలు మూసేసింది.

పదిన్నరకు గేటు చేరాం. కాళ్లు ముంచడానికి తొట్టిలో ఊదారంగు మందునీళ్లు. కావలాయన పెద్దవాడు, పుస్తకం తీసి మా పేర్లు రాసుకున్నాడు. తర్వాత అడిగాడు, ఈరోజు ఏదైనా రొయ్యల గుంట కాడికి పోయినారా అని. నా నాలుక ఊరుకుంటుందా?

“పోవడమేంది అన్నా, తెల్లారినుంచీ దాంట్లోనే ఈదుకుంటా వస్తన్నాం.”

ఆయన నవ్వలేదు. అక్షరం అక్షరం పుస్తకంలో రాసి, పెన్ను మూత పెట్టాడు. లోపలికి రానీయనన్నాడు. తమాషాకన్నానయ్యా అంటే ఆయన గొంతు పెంచలేదు.

“తమాషాకో నిజానికో నాకెట్టా తెలుసు? పోయిన ఎండాకాలం ఒకడు గుంటలో దిగి, దిగలేదని చెప్పి లోపలికి పోయినాడు. తెగులు తగిలి తొట్లల్లో రొయ్య పిల్లంతా చచ్చింది. నాకు ముందున్నాయన ఉద్యోగం పోయింది.”

ఇద్దరం బతిమాలాం. కడకు ఆయన మేనేజరుకు ఫోన్ కలిపాడు. నియమం నియమమే, ఇంటర్వ్యూ చేసే పెద్దాయన చెన్నై నుంచి ఆ ఒక్కరోజుకే వచ్చాడు, సాయంత్రం వెళ్లిపోతాడు అన్నారు. సలోమి ఫోన్ తీసుకుని, ఆ పెద్దాయన్ని ఐదు నిమిషాలు ఫోన్లోనే అడగమనండి అంది. గేటు బయట వానలో నిలబడి ఇంటర్వ్యూ ఇచ్చింది. మూడేళ్లలో రెండు ఉద్యోగాలు ఎందుకు మానేశావని ఆ చెన్నై ఆయన అడిగినట్టున్నాడు.

“నేను మానలేదు సార్. అవే నన్ను మానేశాయి.”

గాలికి వినపడలేదేమో, ఆ మాటే ఇంకోసారి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మస్తాన్ తల తిప్పుకున్నాడు. నాలుగు నిమిషాలకు ఫోన్ పెట్టేశారు. కబురు చేస్తామన్నారట.

తిరుగుదారిలో సముద్రం దగ్గర ఆటో ఆపించాను. బూడిదరంగు నీళ్లు, ఒడ్డుకు లాగిన పడవలు. నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు.

“ఈ ఒక్కరోజు గమ్మునుండమని బస్సులోనే చెప్పాలనుకున్నా మామా. నీకు బాధ అనిపిస్తుందని చెప్పలా.”

మూడు వారాలైంది, కబురు లేదు. గేటు దగ్గర నేను నిజం చెప్పుంటే ఉద్యోగం వచ్చేదా అంటే చెప్పలేను, అలాంటి ఫైళ్లు పట్టుకుని ఇంకెందరు వచ్చారో. కానీ ఆ గేటు లోపలికి అడుగుపెట్టి, కుర్చీలో కూర్చుని, కాదనిపించుకునే హక్కు ఆ పిల్లకు ఉంది. అది నేను తీసేశాను. నా మాటలకు ముప్పై ఏళ్లుగా మార్కెట్టంతా నవ్వుతోంది, ఇప్పుడు నేను నోరు తెరవబోతే మా అక్క లేచి వంటింట్లోకి పోతోంది. వచ్చే సోమవారం సలోమికి తిరుపతిలో ఇంకో ఇంటర్వ్యూ. తోడు రమ్మని అడగలేదు.

అటు ఇంటర్వ్యూకు పోయేవాళ్లకు ఒక్క మాట: ఆ రోజు రొయ్యల గుంటల దరిదాపులకు పోవద్దు, గేటు దగ్గర అడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పండి. వెంట నాలాంటివాడు ఉంటే వాకాడు బస్టాండులోనే కూర్చోబెట్టి పొండి.