దొంతి గుండ్ల దారిలో బావి

అరవైల ఆఖర్లో నేను భూగోళ శాస్త్రం ఎం.ఎ. చదివేవాణ్ణి. క్లాసులో మేం పదకొండు మందిమి. అందులో ఒకడంటే నాకు పడేది కాదు. పొద్దున్నే డిపార్ట్‌మెంటు ముందు అతని సైకిలు కనిపిస్తే చాలు, ఆ రోజంతా నాకు నోరు చేదుగా ఉండేది.

అతను మా క్లాసు లీడరు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి పెద్ద ఆఫీసరు. తార్నాకలో కాంపౌండు గోడ ఉన్న ఇల్లు. నేను నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. మామ వర్క్‌షాపులో ఫిట్టరు. లీడరు నాకు చేసిన అపకారం ఇదీ అని వేలు పెట్టి చూపించలేను. నేనేదైనా మాట్లాడితే శ్రద్ధగా వినేవాడు. విన్నాక అదే మాటను తన భాషలో మళ్లీ చెప్పేవాడు, తప్పులు దిద్దిన కాగితం తిరిగి ఇచ్చినట్టు. క్లాసంతా ఆ రెండో మాటకే తల ఊపేది.

శివరాత్రి దాటాక ఒకరోజు, పరీక్షల హడావిడి మొదలయ్యేలోగా క్లాసంతా కలిసి దొంతి గుండ్లకు నడిచిపోదామని అతనే ప్రతిపాదించాడు. మౌలాలి దాటి ఇంకా ముందుకు పోతే బయలు మధ్యన ఉండేవి ఆ గుండ్లు. కుండల మీద కుండ పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి మూడు బండలు. పై బండ ఇవాళో రేపో దొర్లిపడేలా ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఆదివారాలు సికింద్రాబాదు నుంచి కూడా జనం చూడ్డానికి వచ్చేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. లీడరు దగ్గర కొత్త కెమెరా ఉంది. ఎండ బాగా కాసే రోజైతేనే ఫొటోలు బాగా వస్తాయని అతని పట్టుదల.

ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం అందర్నీ తార్నాకలో తన ఇంటికి పిలిచాడు. వరండాలో పేము కుర్చీలు వేశారు. కుర్చీలు చాలక నేను మెట్టు మీద కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. కూర్చున్నాక, కూర్చోబెట్టారన్నట్టు కోపం వచ్చింది. అప్పట్లో నా కోపాలన్నీ అట్లాగే ఉండేవి.

అతను డిపార్ట్‌మెంటు నుంచి తెచ్చిన సర్వే మ్యాపు బల్ల మీద పరిచాడు. పెన్సిలుతో దారి గీశాడు. "తొమ్మిదింటికి తార్నాక చౌరస్తాలో కలుద్దాం. పన్నెండుకల్లా గుండ్ల దగ్గర ఉంటాం. భోజనం అక్కడే" అన్నాడు.

"తొమ్మిదంటే ఎండ ముదురుతది. ఆరుకే బయలుదేరాలె" అన్నాను నేను.

"ఆరింటికి వెలుతురేదీ? పొలం పనికి వెళ్లడం లేదు కదా మనం" అన్నాడు. నలుగురు నవ్వారు. మా నాన్న ఆ వేళకు పొలంలోనే ఉంటాడు.

అతను మ్యాపు మీద ఒక నీలం చుక్క చూపించాడు. "ఇదిగో, గుండ్లకు అర మైలు ఇవతల బావి ఉంది. నీళ్లు మోసుకుపోవాల్సిన పని లేదు. ఒక చేంతాడు, చెంబు చాలు. బరువు తగ్గుతుంది."

ఆ బావి నాకు తెలుసు. నెల కిందటే మామతో ఆ దిక్కు పోయినప్పుడు చూశాను. అందులో ఎద్దు పడి చచ్చిపోయింది. తీసేవాళ్లు లేక నీళ్లు మురిగిపోయాయి. ఎవరూ తెలియక తాగకుండా, పక్కన రాళ్లు కొట్టే వడ్డెర వాళ్లు దాని మీద తుమ్మకంప వేశారు. ఆ మ్యాపు మేం పుట్టకముందు గీసింది. దానికి ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి?

నేను లేచి నిలబడి, "గాడ బాయి ఉన్నది గని..." అన్నాను.

"బాయా? ఏ బాయి?" అన్నాడు లీడరు, చాలా మర్యాదగా. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "వినండి, మనకు నీళ్లు తోడిపెట్టడానికి అక్కడ ఒక బాయి కూడా ఉందట! పాటలు కూడా పాడుతుందేమో కనుక్కోండి."

వరండా అంతా నవ్వులతో నిండిపోయింది. లోపలి నుంచి టీ కప్పులు తెస్తున్న వాళ్లమ్మ కూడా ఏమిటేమిటని అడిగి నవ్వింది. మా క్లాసులో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి కూడా నవ్వింది. అదే నన్ను ఎక్కువ కోసింది. ఆమెది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం, అడిక్‌మెట్‌లో ఉండేవాళ్లు. వాళ్లింట్లోనూ బావిని బాయి అనే అంటారు.

నేను కూర్చున్నాను. మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు డిపార్ట్‌మెంటు వసారాలో ఆ అమ్మాయి నన్ను ఆపింది.

"నిన్న మీరేదో చెప్పబోయిన్రు. ఏంది?"

"ఏం లేదు. బాయి ఉన్నదని చెప్తున్న."

"నీళ్లు మంచిగుంటయా? నాకు ఎండ పడదు. ఇంట్ల అడుగుతున్నరు, నీళ్ల సంగతేందని."

ఆమె ముఖంలో వెటకారం లేదు. నవ్వినందుకు సిగ్గుపడే వచ్చిందేమో కూడా. కానీ నాకు ఆ ముఖంలో నిన్నటి నవ్వే కనిపిస్తున్నది.

"ఉంటయి. మ్యాపుల ఉన్నది గద" అన్నాను.

శనివారం సాయంత్రం, మామ డ్యూటీకి తీసుకుపోయే నీళ్ల సీసా ఇమ్మని అడిగాను. ఖాకీ గుడ్డ చుట్టిన పెద్ద సీసా అది.

"ఆ బాయిల ఎద్దు పడ్డది గదరా. మీ ఓళ్లకు చెప్పినవా?" అన్నాడు మామ.

"చెప్పిన."

"మరి అందరు తెచ్చుకుంటున్నరా?"

"ఆ, తెచ్చుకుంటున్నరు."

మా అత్తమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టిచ్చింది. నేను సీసాను సంచీ అడుగున పెట్టి పైన తువ్వాలు కప్పాను. ఎందుకు కప్పానో నాకు బాగా తెలుసు. బావి దగ్గర అతని ముఖం ఎట్లా మారుతుందో చూడాలని ఉంది. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. దాహం మిగిలిన తొమ్మిది మందికీ వేస్తుందన్న సంగతి నా లెక్కలోకే రాలేదు.

ఆదివారం ఎండ అతను కోరుకున్నట్టే కాసింది. చౌరస్తాలో అందరూ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. లాలాగూడ వర్క్‌షాపు గోడ వెంట నడిచి, పట్టాలు దాటి, మౌలాలి గుట్టను ఎడమకు వదిలి బయల్లోకి దిగాం. మొదట్లో పాటలు పాడారు. గుట్ట దాటాక పాటలు ఆగాయి. చుట్టూ బండలు, ఎండిన గడ్డి, అక్కడక్కడా సీతాఫలం పొదలు. నేను అందరికన్నా వెనక నడిచాను. చేంతాడు చుట్ట భుజాన వేసుకుని ముందు నడుస్తున్న లీడరు వీపు చూస్తూ నడిచాను.

పన్నెండున్నరకు బావి వచ్చింది. చూడకముందే వాసన వచ్చింది. అతను తుమ్మకంపను కాలితో జరిపి లోపలికి వంగి చూశాడు. గబుక్కున ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు. జేబులోంచి మ్యాపు తీసి విప్పాడు. అంత ఎండలో, అందరి ముందు, ఆ నీలం చుక్కను అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని వేరే పేరుతో పిలిచి తప్పించుకోలేను. అది సంతోషమే.

"గుండ్ల నీడలో కూర్చుందాం. తర్వాత చూద్దాం" అన్నాడు చివరికి.

మిట్టమధ్యాహ్నం గుండ్లకు నీడ ఉండదు. పై బండ కింద జానెడు నల్లటి గీత ఉంది, అంతే. పులిహోర తిన్నవాళ్లకు దాహం ఇంకా పెరిగింది. ఒకరితో ఒకరు విసురుగా మాట్లాడుకోవడం మొదలైంది. "నీళ్లు వద్దన్నదెవరు?" అని ఒకడు గట్టిగానే అన్నాడు.

అప్పుడే ఆ అమ్మాయి బండకు ఆనుకుని మెల్లగా కిందికి జారింది. ఒకసారి వాంతి చేసుకుంది. ముఖం ఎర్రగా కాలిపోతున్నది, చెమట మాత్రం లేదు. పిలిస్తే పలుకుతున్నది గానీ మాట ముద్దగా వస్తున్నది. లీడరు ఒక్క క్షణం ఆమెను చూసి, దూరంగా వడ్డెర వాళ్ల గుడిసెల పొగ కనిపించిన వైపు పరిగెత్తాడు. కెమెరా కింద పడేసి, ఆ ఎండలో ఎక్కడా ఆగకుండా పరిగెత్తాడు.

అతను వచ్చేదాకా ఆగి ఉండొచ్చు నేను. అవును, ఆ ఆలోచన కూడా వచ్చింది. సీసా తీస్తే దొరికిపోతాను. రెండు మూడు నిమిషాలు సంచీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కళ్లు మూతలు పడుతుంటే భయం వేసి సీసా బయటికి తీశాను.

మిగతా ఎనిమిది మందీ ఆ సీసానే చూశారు. నేను తువ్వాలు తడిపి ఆమె తల మీద వేసి, కొంచెం కొంచెంగా తాగించాను. నాలుగు గుక్కలు తాగాక ఆమె కళ్లు తెరిచి సీసాను చూసింది, నన్ను చూసింది.

"మీకు ఎర్కే" అంది.

తర్వాత ముఖం పక్కకు తిప్పుకుంది. మళ్లీ నోటికి అందిస్తే పెదవులు బిగించింది. పక్కనున్నవాడు నా చేతిలోంచి సీసా లాక్కుని అతనే తాగించాడు.

లీడరు భుజం మీద మట్టికుండతో వచ్చాడు. వెంట ఒక వడ్డెర పెద్దాయన కూడా వచ్చాడు. లీడరు చొక్కా అంతా తడిసి ఉంది, దారిలో కొన్ని నీళ్లు ఒలికాయి. కుండ దించి, అందరికీ పోసి, ఆఖరికి సీసా వైపు చూశాడు. అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

"తెలిసే తెచ్చుకున్నావు కదూ?" అన్నాడు.

"తెలిసే తెచ్చుకున్న. చెప్పబోతే నవ్వితివి గద. నవ్వు మరి ఇప్పుడు."

అతను నా కాలరు పట్టుకున్నాడు. నేను కొట్టాను. అతనూ కొట్టాడు. ఇద్దరం బండ మీద పడి దొర్లాం. నా మోచెయ్యి చీరుకుపోయింది, అతని పెదవి పగిలింది. నలుగురు కలిసి విడదీశారు. వడ్డెర పెద్దాయన మమ్మల్ని చూసి, "ఆడపిల్ల అట్ల పడి ఉంటె మీరు గిదా చేసేది? బండి కడ్త, పిల్లను ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

రాళ్లు మోసే ఎడ్లబండిలో ఆమెను పడుకోబెట్టారు. లీడరు బండి పక్కనే నడిచాడు. మిగతావాళ్లు అతని వెనక నడిచారు. నాతో ఎవరూ నడవలేదు. లాలాగూడ దగ్గర ఆమెను రిక్షాలో ఎక్కించి అడిక్‌మెట్ పంపారు. ఎవరికీ చెప్పకుండా నేను క్వార్టర్ల వైపు తిరిగాను.

ఆమె పది రోజులు క్లాసుకు రాలేదు. వచ్చిన రోజు లైబ్రరీ మెట్ల మీద కనిపించింది. నేను ఎదురెళ్లి తప్పయిందని చెప్పాను. వరండాలో ఎంత అవమానమైందో, ఆ నవ్వు ఎట్లా తగిలిందో వివరించబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"వాళ్లకు చెప్పకపోతిరి, అది నాకు అర్థమైతది. నేను కూడ నవ్విన, తప్పే. గని మర్నాడు నేను మీ దగ్గరికొచ్చి అడిగిన. నేనొక్కదాన్నే అడిగిన. నాకెందుకు అబద్ధం చెప్పిన్రు?"

ఆమె పుస్తకాలు సర్దుకుని మెట్లెక్కి పోయింది. పరీక్షలయ్యేదాకా నాతో మళ్లీ మాట్లాడలేదు.

మరుసటి ఏడాది క్యాంపస్ రెండుగా చీలింది. యాసల మీద, ఉద్యోగాల మీద, ఎవరి ఊరు ఏదన్నదాని మీద రోడ్లెక్కారు. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, మనస్ఫూర్తిగానే నడిచాను. ఆ రోజుల్లో నా స్నేహితుడొకడు దొంతి గుండ్ల సంగతి ఎవరి దగ్గరో విని, "మంచి పని చేసినవు, వానికి గట్లనే కావాలె" అని నా భుజం తట్టాడు. అతను వెళ్లిపోయాక చాలాసేపు ఒళ్లు మండింది. ఎండదెబ్బ తగిలింది లీడరుకు కాదని అతనికి చెప్పి ఉండాల్సింది.

లీడరు మీద నాకు కోపం ఎప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ మధ్యాహ్నం కుండ మోసుకుంటూ పరిగెత్తుకొచ్చిన మనిషీ అతనే, నా మాటను వరండాలో నవ్వులపాలు చేసిన మనిషీ అతనే. చదువు అయ్యాక అతను ఎటు వెళ్లాడో నేను కనుక్కోలేదు. ఆ అమ్మాయి మెదక్ వైపు ఒక బళ్లో టీచరుగా చేరిందని మాత్రం విన్నాను. ఒకసారి ఉత్తరం రాయాలని కూర్చున్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబుతోనే మొదలుపెట్టాలనుకున్నాను. ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.