చీము పడుతుందని

మొన్న రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి మా చెల్లెలి మనవణ్ణి చూడడానికి వెళ్ళాను. స్నానానికి కాచిన నీళ్ళు మీద పడి వాడి కాలు బొబ్బలెక్కింది. భయపడాల్సిందేమీ లేదన్నారు. నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మ ముద్దపప్పులో నెయ్యి వేసి కలిపి ముద్దలు పెడుతోంది, పక్కన గిన్నెలో ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి ఉంది. వాడు గుడ్డు వద్దని మారాం చేస్తుంటే నర్సు వచ్చి, అది తింటేనే పుండు తొందరగా మానుతుందని బుజ్జగించి వెళ్ళింది. గదిలో అంతమంది చుట్టాలు ఉన్నారు కదా, అయ్యో పప్పు పెడుతున్నారేమిటని ఒక్కరూ అనలేదు. ఇంత వయసు వచ్చి, టీచరుగా రిటైరై, ఊళ్ళో పిల్లలందరికీ బుద్ధులు చెప్పిన దాన్ని, ఆ పసివాడి మీద నాకు అసూయ పుట్టింది. అక్కడ కూర్చోలేక వరండాలోకి వచ్చేశాను.

మాది పాలకొల్లుకి దగ్గర్లో ఒక పల్లె. నా చిన్నప్పుడు అక్కడ డాబా ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగిలినవన్నీ తాటాకిళ్ళే. మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వేసవిలో పడమటిగాలి లేచాక పొయ్యి వెలిగించకూడదని కట్టుబాటు ఉండేది, ఆడవాళ్ళు పొద్దున్నే వంటలు ముగించి పొయ్యిలో నీళ్ళు చల్లేవారు. ఆ రోజు ఎవరింట్లో నిప్పు సరిగా ఆరలేదో ఈనాటికీ తెలియదు, తెలిసినా చేసేదేమీ లేదు. రెండో తరగతి చదువుతున్న నేను మధ్యాహ్నం అన్నం తిని చాప మీద నిద్రపోతున్నాను. కప్పు అంటుకుని, కాలుతున్న ఆకు నా ఎడమ చేతి మీదా భుజం మీదా పడింది. మా చిన్నాన్న తడిపిన గోనెసంచి కప్పుకుని లోపలికి దూరి నన్ను ఈడ్చుకొచ్చాడట.

వీధిలో పడుకోబెట్టగానే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒక గుడ్డు తెచ్చి, పగలగొట్టి, తెల్లసొన నా చేతికి పూశారు. ఆ రోజు నా ఒంటికి పూసిన గుడ్లలో సగం తరవాత నా నోట్లో పడి ఉంటే, ఇవాళ ఇదంతా చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

నన్ను మిషన్ ఆసుపత్రికి బండి కట్టి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ మోచెయ్యి వంగిపోకుండా చెక్కకి కట్టించి, పాలూ పప్పూ గుడ్డూ పూటపూటకీ పెట్టమని చెప్పింది. కట్టు మార్చినప్పుడల్లా వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చేదాన్ని. అయినా పుండు అంచున లేత గులాబీ రంగు చర్మం వస్తోందని నర్సు మా అమ్మకి చూపించి సంతోషపడేది. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే చెయ్యి దక్కేది.

ఒక రోజు నాయనమ్మ వచ్చింది. నా ముందున్న కంచం చూసి గుండెలు బాదుకుంది.

"పచ్చిపుండు మీద పప్పా? గుడ్డా? చీము పట్టి చెయ్యంతా కుళ్ళిపోతుందర్రా! పిల్లని చంపుతారా ఏంటి?"

పుండున్నవాళ్ళకి పప్పు పెడితే చీము పడుతుందని మా ఊళ్ళో అందరూ నమ్మేవారు. బాలింతకైనా, దెబ్బ తగిలిన పాలేరుకైనా అదే పథ్యం. మా నాన్న బయట ఎవరి మాటా లెక్కచేసే మనిషి కాదు, తల్లి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. డాక్టరమ్మ ఎంత చెప్పినా వినకుండా, పథ్యం చెడిపోతోందని నన్ను ఇంటికి తెచ్చేశారు.

మా ఇల్లు కాలిపోయింది కనక పెదనాన్న వాళ్ళ డాబాలో ఒక గది ఇచ్చారు. పిల్ల ఏడుస్తోందని నాయనమ్మ ముందుగా ఆ చెక్క తీయించేసింది. నొప్పి లేకుండా చెయ్యి ముడుచుకుని పడుకోనిచ్చినందుకు ఆవిడే నాకు దేవతలా కనిపించింది. తిండికి పాత బియ్యం అన్నం, కరివేపాకు కారం, చారు. పెరట్లో కోళ్ళు తిరిగేవి, వానలు పడ్డాక కాలవలో చేపలు పడేవి, పులుసు వాసన గదిలోకి వచ్చేది, నాకు మాత్రం అదే కారం మెతుకులు. నాయనమ్మ చెడ్డది కాదు. నా కోసం తనూ పప్పు మానేసింది. ఆవిడ చెడ్డదైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అమ్మ మనసులో డాక్టరమ్మ మాటే ఉండేది. నాయనమ్మ గుడికి వెళ్ళినప్పుడు కోడిగుడ్డు ఉడకబెట్టి, పమిట చాటున ఒలిచి, గబగబా నా నోట్లో పెట్టేది. అలా కొన్నాళ్ళు సాగింది. ఇంతలో నాకు జ్వరం వచ్చింది, పుండు చీము పట్టింది. అమ్మ అత్తగారి కాళ్ళ మీద పడింది.

"నేనేనండీ అత్తయ్యగారూ, ఈ చేతుల్తో నేనే గుడ్డు పెట్టానండీ."

నాయనమ్మ తిట్టలేదు, పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ రోజు నుంచి అమ్మ నాయనమ్మని మించిపోయింది. ఒకసారి పక్కవాళ్ళ పిల్లాడి కంచంలోంచి ఇంత పప్పన్నం దొంగతనంగా నోట్లో వేసుకుంటే, అమ్మ పరిగెత్తుకొచ్చి నా నోట్లో వేలు పెట్టి మొత్తం తీసేసింది. ఆ వేలి రుచి నాకింకా గుర్తుంది. నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి అలా అటు వెళ్ళిపోయింది.

పుండు మానేసరికి వరికోతలు వచ్చాయి. అప్పటికి మోచెయ్యి దగ్గర చర్మం ముడుచుకుని చెయ్యి సగం వంగి బిగిసిపోయింది. మళ్ళీ మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ముందు నన్నే అడిగింది, ఇన్నాళ్ళూ ఏం తిన్నావమ్మా అని. పథ్యం బాగా చేశానని మెచ్చుకుంటుందనుకుని, కారం అన్నమండీ అని గర్వంగా చెప్పాను. గుడ్డు పెట్టినందుకే జ్వరం వచ్చి చీము పట్టిందని అమ్మ చెప్పుకుంది. ఆవిడ అమ్మ వైపు తిరిగింది.

"పుండు మానడానికి ఈ పిల్ల ఒంట్లో బలం ఎక్కడిదమ్మా? ఆ జ్వరం గుడ్డు వల్ల కాదు, మురికి కట్టు వల్ల వచ్చింది."

అమ్మ బండిలో ఇంటికి వచ్చేదాకా నా వంగిన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించమన్నారు గానీ, ప్రాణం దక్కింది చాలునన్నారు మావాళ్ళు. నాయనమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ, తన పథ్యం వల్లే పిల్ల బతికిందని పోయేదాకా చెప్పుకుంది, నన్ను పిలిచి చూపించి మరీ చెప్పేది, నేను తలూపేదాన్ని.

రెండు చేతులూ వెనక్కి పోనిదే జడ పడదు కదా. తణుకులో టీచరుద్యోగానికి వెళ్ళేవరకూ నాకు అమ్మే జడ వేసింది, ఆ తరవాత జుట్టు కత్తిరించుకున్నాను. నాయనమ్మ పోయాక నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, నా కంచంలో పెట్టేది. నేను పక్కకి నెట్టేసేదాన్ని. ఎందుకు పెడుతోందో ఆవిడ చెప్పలేదు, ఎందుకు తిననో నేను చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో తాటాకిల్లు వెతికినా దొరకదు. ఆసుపత్రిలో బిడ్డకి ఏం పెట్టాలో డాక్టరు చెబితే తల్లులు వింటున్నారు, అత్తగార్లూ నోరు మూసుకుంటున్నారు, మంచిదే. నా బాధ వేరు. నాయనమ్మా నాన్నా అమ్మా బతికున్నన్నాళ్ళూ, ప్రేమతోనే కదా చేశారని నా నోరు నేనే నొక్కుకున్నాను. ఈ వయసులో, పోనీ ఒక్కసారి గట్టిగా అడిగేద్దాం, నా చెయ్యి ఇలా ఎందుకు చేశారు అని అడిగేద్దాం అనుకుంటే, సమాధానం చెప్పవలసిన వాళ్ళు ఒక్కరూ లేరు. నా కోసం పప్పు మానేసి కారం మెతుకులు తినే మనిషి కూడా ఆ తరవాత నాకెవరూ దొరకలేదు.