లోపలి గడియ

అమెరికాలో, బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఓ సాయంత్రం కొత్త దారిలో డ్రైవ్ చేస్తుంటే టోర్నడో సైరన్ మోగింది. టోర్నడోని టీవీలో చూడటమే తప్ప, వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. రోడ్డు పక్క ఇంటి ముందు నిలబడ్డ ఓ పెద్దావిడ ఆగమని చెయ్యి ఊపి, నన్ను పెరట్లోకి, అక్కణ్ణుంచి మెట్లమీదుగా భూమి లోపలికి తీసుకెళ్లింది.

కింద కాంక్రీటు గది, దానికో ఇనప తలుపు. కోల్డ్‌వార్ రోజుల్లో, రష్యావాళ్లు అణుబాంబు వేస్తే దాక్కోవడానికి ఆవిడ నాన్న కట్టుకున్నాడట. ఆ బాంబు ఎన్నడూ పడలేదు. ఇప్పుడిలా పనికొస్తోంది.

పైన గాలి హోరు పెరిగింది. కూర్చోలేక లేచాను. తలుపుకి లోపలివైపు లావుపాటి గడియ కనబడితే వేయబోయాను.

"అది వేయకండి. పక్కింటాయన ఇంకా రాలేదు," అందావిడ.

"గాలికి తలుపు ఊడిపోదా?"

"అది గాలి కోసం పెట్టింది కాదు, రష్యావాళ్ల కోసమూ కాదు. పక్కింటివాళ్ల కోసం. లోపల దాచిన తిండి మా ఒక్క ఇంటికే సరిపోతుందని నాన్న లెక్క."

"వాళ్లకి తెలుసా?"

"ఈ గోడలకి కాంక్రీటు పోయడానికి సాయం వచ్చింది వాళ్లే. గడియ మాత్రం తర్వాత నాన్న ఒక్కడే బిగించాడు."

తలుపు దడదడా కొట్టుకుంటోంది. నా చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది. వెనక్కి తీసుకున్నాను. మెట్లమీద బూట్ల చప్పుడు వినబడేదాకా ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.