గిజిగాడి గూట్లో దీపం

పిట్టగూడు ఎంత బరువుంటుంది? ఎండిన గిజిగాడి గూడు అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అంత తేలికైన దాన్ని నా వయసంతా మోశాను. నా భర్తకు చెప్పలేదు, ఆయన మంచం పట్టి నా చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా. ఈ కాగితం చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీకు చెప్పగలననిపిస్తోంది.

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. మనవరాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. అంతకుముందు ఈ మాట కాగితం మీద పెట్టాలంటే ఇంకొకరికి చెప్పి రాయించాలి. అలా రాయించగలిగే మాట కాదిది. తప్పులుంటే సర్దుకుని చదువు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. పాకాల దగ్గర పల్లెలో పుట్టి, చిత్తూరు పక్కన ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. ఆ ఇంట్లో అప్పటికే ఒక కోడలుంది, మా బావ భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. పెళ్లయి ఎన్నో ఏళ్లయినా ఆమెకు పిల్లలు లేరు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు, ఎవరూ మరిచేవారూ కాదు.

మా చెరకు తోటలో ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఉండేది. బావి గట్టున ఒక ఈతచెట్టు నీళ్ల మీదికి వంగి ఉండేది. వానలు మొదలయ్యేసరికి దాని మట్టల చివర్లకు గిజిగాళ్లు గూళ్లు కట్టేవి. మేమిద్దరం గుడ్డలు ఉతకడానికి వెళ్లి వాటినే చూస్తూ కూర్చునేవాళ్లం. మగపిట్టకు ఆ కాలంలో నెత్తిన పసుపు రాసినట్టుంటుంది. చెరకు ఆకు అంచును ముక్కుతో కొరికి, పట్టుకుని ఎగిరితే సన్నటి నార చీలి వస్తుంది. ఆ నారతో ముడి వేస్తుంది. చేతుల్లేకుండా ముడి ఎలా వేస్తుందో చూడాలని మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. గూడు సగమయ్యాక ఆడపిట్ట వస్తుంది. మగది తలకిందులుగా వేలాడి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడది లోపలికి దూరి, ఇటు లాగి అటు పీకి, నచ్చకపోతే తుర్రుమంటుంది.

"సూడే, ఆడది ఇల్లు నచ్చితేనే మొగుణ్ణి ఒప్పుకుంటా ఉండాది" అనింది అక్క ఒకరోజు. "మనకు ఇల్లు గాదు గదా, మొగుడి మొగమన్నా సరిగ్గా సూపించినారా?"

నవ్వుతూ నవ్వుతూ మా అత్త చీర నీళ్లలో వదిలేశాను. ఇద్దరం ఈతమట్టతో దాన్ని బయటికి లాగాం.

దీపం సంగతి చెప్పింది కూడా ఆమే. గిజిగాడు మిణుగురు పురుగును తెచ్చి, గూటి లోపల తడిమట్టిలో అతికించి, రాత్రిపూట దీపంగా పెట్టుకుంటుందట.

"మనకే కిరసనాయిలు దొరకలేదు. దానికి దీపమా? నువ్వు సూసినావా అక్కా?"

"నేను యాడ సూస్తాను? మా అవ్వ చెప్పింది. వాళ్లవ్వ ఆమెకు చెప్పిందంట."

"అయితే ఎవురూ సూడలేదు."

"నీకు అన్నీ నీ కండ్లతోనే సూడాల" అని నెత్తిన మొట్టింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. తర్వాత కొన్నాళ్లకు ఒక మగపిట్ట మడి గట్టు నుంచి ముక్కుతో తడిమట్టి తీసుకుపోవడం చూశాను. సగం కట్టిన గూట్లోకి పోయి, మట్టి లేకుండా బయటికొచ్చింది. అంటే మట్టి మాట నిజమే. మరి పురుగు? మట్టిలో కూరితే అది ఎన్నాళ్లు బతుకుతుంది? చస్తే కొత్తది తెస్తుందా? ఆకలేసిన పిల్ల దీపాన్ని తినేయదా? పొయ్యి ముందు కూర్చున్నా ఇవే ప్రశ్నలు.

ఆ ఏడే నేను నీళ్లు పోసుకున్నాను. పిట్టలు వదిలేసిన గిజిగాడి గూటిని ఉయ్యాల పైన దూలానికి కట్టడం మా అత్తగారింట్లో ఆచారం. వదిలేసిన గూడే కావాలి. పిల్లలున్న గూటిని ముట్టుకుంటే కడుపులో బిడ్డకు కీడని అందరి నమ్మకం. పిట్టలు వెళ్లిపోయాక తానే తెచ్చి కడతానని అత్త చెప్పింది.

నేను ఆగలేకపోయాను.

బావి వైపు వేలాడే ఒక గూటి మగపిట్ట పక్క మట్టకు కొత్త గూడు మొదలుపెట్టింది. పాత గూటి జోలికి రావడం మానేసింది. అందుకని అది ఖాళీ అనుకున్నాను. ఆడపిట్ట వచ్చిపోవడం నేను చూడలేదు. కాదు, అబద్ధం ఎందుకు, చూశాను. చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. మనసుకు ఒకటి కావాలని ఉన్నప్పుడు కన్ను దానికి సాక్ష్యమే వెతుకుతుంది, అడ్డొచ్చేదాన్ని వదిలేస్తుంది. ఇది నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆగేదాన్నా? అదీ చెప్పలేను.

మధ్యాహ్నం, అందరూ అన్నాలు తిని ఒరిగిన వేళ, దోటితో మట్టను గట్టు మీదికి లాగి, కొడవలితో గూడు కోశాను. ఈత ముళ్లు ముంజేతి మీద గీతలు గీశాయి. గూడు చేతిలోకి రాగానే లోపల చిన్న అరుపులు వినిపించాయి. అప్పుడైనా ఆగాలి. ఆగలేదు. పక్కన చీల్చి లోపలికి చూశాను. ముందు చూసింది దీపం కోసమే, పిల్లల్ని కాదు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇన్ని వాక్యాలు రాశాను.

పిల్లలకు ఇంకా ఈకలు రాలేదు. చీలికను నారతో ముడేయబోయాను. నా ముడి నిలవలేదు. సాయంత్రం ఎలాగైనా మట్టకు తిరిగి కడదామని గూటిని గడ్డివామిలో దూర్చి ఇంటికి వచ్చాను. సాయంత్రం కపిల దగ్గర మగవాళ్లున్నారు. వెళ్లలేదు. ఆ సందెవేళ నా ముంజేతికి ఆముదం రాసింది అక్కే. ఎలా గీసుకుందని అడిగితే, చీపురుకు ఈతాకు కోశానని చెప్పాను.

తెల్లవారి పశువులకు గడ్డి లాగుతుంటే గూడు మా అత్త చేతికి వచ్చింది. లోపల పిల్లలు చచ్చిపోయి ఉన్నాయి. కడుపుతో ఉన్న మనిషి అలాంటి పని చేస్తుందని ఎవరికీ తట్టలేదు. ఎవరూ నన్ను అడగను కూడా లేదు. అత్త గూడు పట్టుకుని నేరుగా అక్క ముందు నిలబడింది.

"నీకు లేదని దాని కడుపు మీద కన్నేసినావా?"

"నేను ముట్టలేదత్తా" అనింది అక్క. అంటూనే నా వైపు చూసింది. నా ముఖం వైపు కాదు, ముంజేతి వైపు. ఇక మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదు? ఒక్క మాట చాలు కదా. నేను కడుపుతో ఉన్నాననా? లేక చెప్పినా తనను ఎవరూ నమ్మరనా? లేక, నేనే చెబుతానని ఎదురుచూసిందా? ఈ మూడోది తలచుకుంటే ఇప్పటికీ లేచి ఇల్లంతా తిరుగుతాను.

నా కాన్పు అయ్యేదాకా ఆమె ఈ ఇంట్లో ఉండకూడదన్నారు. పుట్టింటికి పంపడానికి మర్నాడే బండి కట్టారు. బావ ఎద్దుల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఆమె మూట అందించడానికి బండి వెనక్కి వెళ్లాను. మూట అందుకుంటూ వంగి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"లోపల దీపం ఉండిందా?"

కోపం లేదు ఆ గొంతులో. బావి గట్టున అడిగినట్టే అడిగింది. నాలాగే ఆమెకూ తెలుసుకోవాలని ఉంది.

"నాకేం తెలుసక్కా" అన్నాను.

ఆమె మూట ఒళ్లో పెట్టుకుని అటు తిరిగింది. బండి కదిలింది.

నా బిడ్డ చక్కగా పుట్టింది. ఏ కీడూ జరగలేదు. అక్కను మాత్రం ఎవరూ పిలవలేదు. మరుసటి ఏడు బావ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆమె పుట్టింట్లో అన్న పిల్లల్ని సాకుతూ ఉందని విన్నాను. తర్వాత పోయిందని విన్నాను. నాకు అక్షరాలు వచ్చేసరికి రాయడానికి ఆమె లేదు.

పిట్టల్ని చూడటం నేను మానలేదు. ఇదీ ఒప్పుకోవాలి. ఏటా వానలకు ఆ బావి దగ్గరికి వెళ్లేదాన్ని. ఆడపిట్ట గుడ్లు పెట్టగానే మగది పక్కన ఇంకో గూడు మొదలుపెడుతుందని, పిల్లల్ని సాకేది ఎక్కువగా ఆడదేనని చూసి తెలుసుకున్నాను. మగది వేరే గూడు కడుతోందంటే పాతది ఖాళీ అయిందని కాదు. ఆ ఒక్కటి ముందే తెలిసి ఉంటే.

నా పిల్లలు, మనవలు గిజిగాడి గూట్లో దీపం ఉంటుందా అని అడిగితే, ఉంటుందనే చెప్పాను. లేదంటే, నీకెలా తెలుసని అడుగుతారు కదా. ఆ భయంతో, కళ్లారా చూసిన దాన్ని దాచి, ఎవరూ చూడనిదాన్ని చెబుతూ వచ్చాను. మొన్న మనవరాలు కూడా అడిగింది. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇప్పుడు రాస్తున్నాను. అడిగింది నువ్వు కాకపోయినా విను.

అక్కా, దీపం లేదు. గూటి లోపల గోడకు మట్టి ముద్దలున్నాయి, శనగగింజంత, ఎండిపోయి. ఒక్కొక్కటీ గోటితో గిల్లి చూశాను. పురుగు లేదు, దాని రెక్క కూడా లేదు. ఆ మట్టి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. గాలికి గూడు ఊగకుండా బరువుకేమో. చూసింది నేను. కోసింది నేను.