ముడి మార్చిన చిలప

దయ్యాలూ మహిమలూ అంటే నాకు నవ్వొచ్చేది. కోయంబత్తూరు నూలుమిల్లులో పదకొండేళ్లు రీలింగ్ పని చేసినదాన్ని. సైరన్ కూత తప్ప మరే పిలుపునూ నమ్మలేదు. అయినా ఆ ఏడు జరిగింది మాత్రం కొట్టిపారేయలేను.

మా నేతవీధిలో పూర్వం ఒక స్వామి ఉండేవారు. మగ్గం మీద కూర్చునే వేదాంతం చెప్పేవారట. పడుగూ పేకా వేరని చూసేది మన కళ్లే, రెండూ ఒకే పత్తి అనేవారట. మఠం వద్దన్నారు, విగ్రహం వద్దన్నారు. ఏటా ఆరాధనకు తన పీట మీద చేత్తో వడికిన నూలు వస్త్రం ఒక్కటి కప్పితే చాలన్నారు. వీధంతా మిల్లులకు పోయే కాలంలో కూడా ఆ నూలు వడకడం మా ఇంటి కోడళ్ల వంతు.

కోడళ్లం ఇద్దరం, తోడికోడలు అక్కా నేనూ. చెరో చిలప, అంటే చుట్టి కట్టిన నూలు కట్ట, వడికి, గుర్తుకు ఆమె పచ్చదారం, నేను ఎర్రదారం ముడివేసేవాళ్లం. వీధిలో పెద్ద నేతగాడు కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి ఒకటి ఎంచేవాడు. ఎవరి నూలైతే వాళ్లే ఏడాదంతా స్వామి పీట దగ్గర దీపం పెట్టాలి. వరసగా ఆరేళ్లు అక్కదే. పొద్దున్నే ఆమె దీపం పెట్టి వస్తుంటే నా కడుపు రగిలిపోయేది. నూలుతోనే బతికే నాకు దక్కనిది, ఇంట్లో దోసెలు పోసుకునే ఆమెకెలా దక్కుతుంది?

ఏడో ఏడు అక్క పసుపు చేత్తో పట్టుకోవడంతో ఆమె చిలపకు చిన్న మరక అంటింది. తర్వాత చెల్లెలి కాన్పుకని మదురై బస్సెక్కింది. చిలపలు రెండూ ట్రంకుపెట్టెలో, తాళంచెవి నా బొడ్లో. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. పెట్టె తీసి ముడులు మార్చేశాను. పసుపు మరక దానికి నా ఎర్రదారం, నా దానికి ఆమె పచ్చదారం. ఎప్పటిలా అక్క నూలే ఎంచినా, ఈసారి పేరు నాదవుతుంది.

ఎంచే రోజున పెద్దాయన రెండూ తడిమి ఎర్రముడి దాన్ని పైకెత్తాడు. "ఇదే. సామికి ఇదే" అన్నాడు. ఆ సంబరంలో మిగిలిన చిలపను చూడకుండానే పెట్టెలో పడేశాను.

ఆరాధన నాడు పీట మీద వస్త్రం చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లగా ఉంది. ఇంటికి పరుగెత్తి పెట్టె తెరిచాను. పచ్చముడి చిలప. దాని మీద పసుపు మరక.

అంటే స్వామికి చేరింది నా నూలే. నేను మార్చిన ముడులు ఎవరు మళ్లీ మార్చారు? తాళంచెవి నా బొడ్డు దిగలేదు. అక్క ఊళ్లోనే లేదు. మార్చాననుకుని భ్రమపడ్డానా అంటే, ఆ ముడి విప్పడానికి పళ్లతో కొరికింది ఇప్పటికీ గుర్తుంది.

అక్క తిరిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఈ తూరి నీ నూలే నల్లా, శానా బాగా వచ్చిండాది కణ్ణు. ఊరికి పోయేటప్పుడే చూసితిని. దీపం నువ్వే పెట్టేదని అప్పుడే అనుకొంటిని" అంది. ఆ గొంతులో రవ్వంత కుళ్లు లేదు. దానికీ కుళ్లుకున్నాను.

ఆమె కన్నుమూసేదాకా నిజం చెప్పలేకపోయాను. ఆ ముడుల సంగతి నాకు నేటికీ అంతుపట్టలేదు. న్యాయంగా నాకు దక్కిన దీపాన్ని, ఏడాది పొడుగునా దొంగసొత్తులా వెలిగించాను.