బడి వరండాలో పడుగు

నాకు పెళ్లయ్యాక వచ్చిన మొదటి డిసెంబరు అది. తొంభైల చివర్లో. పుట్టి పెరిగింది విజయవాడ పటమటలో. మెట్టింది ఉయ్యూరు దాటాక, బందరు రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వచ్చే ఒక చిన్న చేనేత ఊళ్లో. పటమటలో వానొస్తే బస్సులు కిక్కిరుస్తాయి, కరెంటు పోతుంది, అమ్మ పకోడీలు వేస్తుంది, అంతే. వానను చూసి భయపడే ఇల్లు ఒకటుంటుందని అత్తారింటికి వచ్చేదాకా నాకు తెలియదు.

మా మావయ్యది గుంట మగ్గం. ముందు గదిలో నేలలో గొయ్యి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారంటే పొద్దుగూకేదాకా లేచేవారు కాదు. ముప్పై ఏళ్లుగా ఆయన నేసింది ఇంకొకరి నూలు. ఊళ్లో షావుకారు నూలిచ్చి, రంగు చెప్పి, అంచు చెప్పి నేయించుకునేవాడు. ఆ చీరలో మావయ్య చెయ్యి ఉంటుంది గానీ, ఆయన ఇష్టం ఒక్క పోగంతైనా ఉండదు. ఆ ఏడు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు యజమాని, "మీ సొంతంగా ఒక పడుగు నేసి తీసుకురండి, బాగుంటే ఇక మీ దగ్గరే తీసుకుంటాను" అన్నాడట. ఆ కబురు తెచ్చిన రోజు మావయ్య మారు అన్నం అడిగి వడ్డించుకున్నారు. నూలు తనే కొన్నారు. రంగు తనే దగ్గరుండి వేయించారు. చింతపిక్క రంగు, దానికి పసుపు అంచు. ఈ పడుగు నిలబడితే ఆయన సొంతంగా నేసుకునే మనిషి అవుతారు. పాడైతే మళ్లీ వెళ్లి షావుకారు గుమ్మంలో నిలబడాలి. ఆ మనిషి ఊరుకుంటాడా, "ఏం, సొంత నేత ముచ్చట తీరిందా?" అని అడక్కుండా?

పడుగంటే చీరలో నిలువు పోగులు. మగ్గం ఎక్కించే ముందు వాటికి గంజి పెట్టాలి, లేకపోతే నేసేటప్పుడు పుటుక్కు పుటుక్కున తెగిపోతాయి. నలభై గజాల పడుగుని పొద్దున్నే వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి బిగించి కట్టి, కింద అడ్డకర్రలు నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతారు. దువ్వుతూ ఉండగానే ఎండకి ఆరిపోవాలి. తడి మీద చుట్టేశామా, పోగుకి పోగు అతుక్కుపోతుంది, ఇక ఎవరి తరమూ కాదు విడదీయడం. వాన పడిందా, గంజి కొట్టుకుపోయి అంతా చిక్కే. అందుకని ఎవరి పడుగు వీధిలోకి వచ్చినా వీధి వీధంతా కుంచెలు పట్టుకుని వచ్చేస్తుంది. పిలుపులు ఉండవు. మాటలు లేనివాళ్లు కూడా వస్తారు, మూతి అటు తిప్పుకునే దువ్వి వెళ్తారు.

ఆ వారమంతా బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో ఒకటే పోరు. మూడు రోజులు మబ్బు, సన్న జల్లు, దుప్పట్లో ముడుచుకుపోయే చలి. నాలుగో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు విడిచింది. ఎండ కాసింది. డిసెంబరులో విసనకర్ర పట్టుకుని కూర్చోవలసినంత ఉక్క. "వాయుగుండం బలహీనపడింది" అన్నారు రేడియోలో. ఆ ఒక్క ముక్క చాలింది నాకు. అత్తయ్య చుట్టాలింటికి వెళ్లింది, మావయ్యా మా ఆయనా కర్రలు సరిచూసుకోడానికి వెళ్లారు. కొత్త కోడలి ఉబలాటం ఊరుకుంటుందా! నానబోసిన బియ్యం రుబ్బి, పెద్ద డేగిసా నిండా గంజి కాచి పెట్టాను. అందరూ వచ్చి మెచ్చుకుంటారని మొహం కూడా కడుక్కున్నాను.

అత్తయ్య వచ్చి మూత తీసింది. చూసింది. మళ్లీ మూత పెట్టేసింది.

"ఎవరు కాయమన్నారే నిన్ను?"

"రేడియోలో చెప్పారు అత్తయ్యా, తగ్గిపోయిందంట..."

"రేడియో వాడికేం పోయింది? వాడికేమన్నా పడుగుందా? ఈ ఉక్క చూస్తే తెలవట్లా, ఇది వాన ముందు ఉక్క!"

మరి పారబోద్దాం అన్నాను. అత్తయ్య చెవులు మూసుకున్నంత పని చేసింది. పడుగు పేరు చెప్పి కాచిన గంజి నేల పాలు చేయకూడదట. చేస్తే ఆ పడుగు అచ్చిరాదట. అలాగని దాచుకుందామంటే రేపు ఒక్క పూట దాటితే పులిసిపోతుంది. ఇదెక్కడి గోలరా భగవంతుడా అనుకున్నాను. అంతలో మావయ్య వచ్చారు. గంజి చూశారు, వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూశారు, "రేపు పొద్దున్నే సాగదీద్దాం" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పొద్దున ఏడింటికి పడుగు వీధిలో ఉంది. చింతపిక్క రంగు మీద గంజి తడి, రెండు వైపులా పదిహేను ఇరవై మంది, కుంచెల చప్పుడు. కాసేపు బాగానే ఉంది. ఎనిమిది దాటగానే గాలి తిరిగింది. అదేం గాలో, ఒక్కసారిగా ఒళ్లు జిల్లుమంది. ఈదురుగాలి. కొబ్బరి మట్టలు ఊగిపోతున్నాయి, దుమ్ము లేచింది, ఉత్తరాన మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. పడుగు సగం కూడా ఆరలేదు.

"చుట్టేద్దాం నాన్నా!" అని మా ఆయన అరిచారు.

"వద్దొద్దు! చుడితే పోయినట్టే," అన్నారు మావయ్య. అటు చూశారు, ఇటు చూశారు. "బళ్లోకి మోద్దాం."

మా వీధి తిన్నగా వెళ్లి బడి ఆవరణలోకి తేలుతుంది. అక్కడ ఆరు గదుల పొడవునా వరండా. ఊళ్లో నలభై గజాల చూరు ఇంకెక్కడా లేదు. కొయ్యల నుంచి తాళ్లు విప్పారు. ఆ చివర నలుగురు, ఈ చివర నలుగురు బిగించి పట్టుకున్నారు. మధ్యలో మిగతావాళ్లు అడ్డకర్రలు భుజాన పెట్టుకున్నారు. పడుగు వదులు కాకూడదు, నేల తగలకూడదు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. కోతల రోజులు కదా, ఇంటింటికీ ధాన్యం కప్పుకునే బరకాలు ఉన్నాయి. ఆడవాళ్లం వాటిని పట్టుకుని పరిగెత్తాం. మా పక్కింటి సాయిబు గారు పరుపులు కుడతారు. వాకిట్లో దూది మీద కప్పిన బరకం లాక్కుని ఆయన కూడా వచ్చేశారు.

"అయ్యో, మీ దూదో?" అంది అత్తయ్య.

"దూది ఎండలో పెడితే మళ్లీ పొంగుద్ది వదినా. పడుగు పొంగుద్దా? పట్టుకో ఆ కొస!"

నడిచాం. నలభై మందిమైనా ఉంటాం, ఎవరి అడుగు తడబడినా అంతే సంగతులు. "నిదానం, నిదానం, లాగండి, ఆఁ, వదలొద్దు!" అని మావయ్య ముందు నుంచి కేకలు. బడి గ్రౌండులో గడియారం ముల్లు తిరిగినట్టు పడుగుని మెల్లగా తిప్పి వరండాకి ఎదురుగా తెచ్చారు. హెడ్మాస్టరు గారు గొడుగుతో బయటకొచ్చి నోరు వెళ్లబెట్టారు.

"ఏంటయ్యా ఇది, బళ్లోకి?"

"దండం పెడదామంటే చేతులు ఖాళీ లేవు మేష్టారూ! మీరే దయచూడాలి," అన్నారు మావయ్య.

ఆయన ఒక్క క్షణం చూశారు. వెనక్కి తిరిగి, "అందరూ గదుల్లోకి! వరండాలోకి ఒక్కడు కాలు పెట్టాడో, ఇరవయ్యో ఎక్కం దాకా రాయిస్తాను!" అని అరిచారు.

పడుగు లోపలికి వెళ్తుంటే చివరి బరకం నా చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే గాలి విసురుకి అది నా చేతుల్లోంచి జారిపోయింది. నాలుగు గజాల పడుగు మీద వాన దబదబా పడింది. నేను ఏడుస్తూనే పమిట తీసి కప్పబోయాను. పమిటేం ఆపుతుంది!

వరండా స్తంభాలకి కట్టాక మళ్లీ కుంచెలు మొదలయ్యాయి. ఎండ లేదు. కిటికీల్లోంచి పిల్లల తలకాయలు. మధ్యాహ్నానికి వాన వెలిసింది గానీ గాలి వెలవలేదు. పొద్దున మమ్మల్ని పరిగెత్తించిన ఆ గాలే ఇప్పుడు పొడిగా, చల్లగా వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి వీచింది. పళ్లు టకటకలాడుతూ దువ్వాం. ఎవరో టీ కాచి తెచ్చారు. సాయిబు గారు జోకులేస్తున్నారు. నేను మాత్రం టీ గ్లాసు తాకకుండా పక్కన పెట్టేసి దువ్వుతూనే ఉన్నాను.

సాయంత్రం నాలుగింటికి మావయ్య పడుగు వెంట చివరిదాకా నడిచారు. అరచెయ్యి పోగుల మీద ఆనించి, కళ్లు మూసుకుని. చివర నా నాలుగు గజాల దగ్గర ఆగారు. అక్కడ పోగులు ముద్ద కట్టాయి. కత్తెర తెప్పించి ఆ ముక్క కోసేశారు.

"మిగతాది బతికింది," అన్నారు.

నేనిక ఆగలేకపోయాను. "నా వల్లే మావయ్యా. ఆ గంజి నేను కాచకపోతే..."

ఆయన కత్తెర పక్కన పెట్టి వరండా మెట్టు మీద కూర్చున్నారు. "నీ గంజి కాదమ్మాయ్. మబ్బు నాకూ కనపడింది. ఉక్క నాకూ తెలుసు. అచ్చిరాదు, అది ఇది అని మీ అత్తయ్య అంటది గానీ, కావాలంటే గొడ్లకి పోసేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఆగినోణ్ణి, ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయా. గంజి కాచుంది గదా అని నాకు నేనే చెప్పుకున్నా."

నాకు ఎక్కడలేని కోపమూ వచ్చేసింది. "ఆ ముక్క నిన్న రాత్రే చెప్పొచ్చుగా! పొద్దుట్నించీ చచ్చిపోతున్నాను నేనిక్కడ! పచ్చి మంచినీళ్లు దిగలేదు తెలుసా?"

వరండాలో తాళ్లు విప్పుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు. కొత్త కోడలు నడి బళ్లో మావగారి మీద గొంతు లేపింది. నాలుక కరుచుకున్నాను. మావయ్య తలొంచుకుని, "తప్పేనమ్మా. తప్పే. పద, అన్నం తిందాం," అన్నారు. ముందు నవ్వింది అత్తయ్యే. ఆ తర్వాత వీధంతా నవ్వింది. నేను ఏడుస్తూ నవ్వాను. ఆ పూట తిన్న చల్లటి అన్నమూ పచ్చడీ అంత రుచిగా ఎందుకున్నాయో నాకు బాగా తెలుసు.

చీరలు పూర్తయ్యాక గవర్నర్‌పేట కొట్టుకి మావయ్య నన్ను వెంట తీసుకెళ్లారు. "పటమట పిల్లవి, నీకు అక్కడ మాట్లాడ్డం వచ్చు" అని సాకు. కొట్టు యజమాని ఒక చీర విప్పి బల్ల మీద పరిచి, అంచు వేళ్లతో తడిమి, తలాడించాడు. పక్కన ఏదో బేరం చేస్తున్న ఒకావిడ దాన్ని చూసి దగ్గరకొచ్చింది.

"ఎవరి నేతండీ ఇది?"

మావయ్య నోరు తెరిచారు. ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న ఎవరడిగినా ఆయన చెప్పింది షావుకారు పేరే. అదే పేరు నాలుక చివరిదాకా వచ్చిందని నాకు కనిపిస్తూనే ఉంది. ఆగారు.

"నాదేనండీ," అన్నారు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

ఆవిడ "ఆఁ?" అంది.

మావయ్య భుజం మీది కండువా సర్దుకున్నారు. "నాదేనమ్మా. నేనే నేశాను."