కెజియా నాలుగు నిమిషాలు

రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే పొద్దుటి బస్సుకు కండక్టరు మా ఊరి కోడలు కెజియా. కాన్పు సెలవు అయిపోయి డ్యూటీలో చేరింది. చెవి వెనక పెన్ను, ఖాకీ చొక్కా మీద టిక్కెట్ల మిషను. మా ఊరు దగ్గరపడే కొద్దీ పాలకు తడిసిన చొక్కా కనబడకుండా ఆ మిషను ముందుకు లాక్కుంటుంది. స్టాపులో వాళ్ళత్తగారు అయిదు నెలల పిల్లను అందిస్తుంది. కెజియా తన సీట్లో కిటికీ వైపు తిరిగి, తువ్వాలు కప్పుకుని పాలిస్తుంది. నాలుగు నిమిషాలు. ఆలోగా డ్రైవరు అద్దం తుడుస్తాడు.

ఆ రోజు అమలాపురంలో నాకు సన్మానం. చదివింది అయిదో తరగతే అయినా రెండుసార్లు ప్రెసిడెంటుగా గెలిచి, ఊరికి సిమెంటు రోడ్డు వేయించినవాణ్ణి. ఆలస్యంగా వెళ్ళడం నాకు అలవాటు లేదు. "బస్సనుకున్నావా, మీ ఇంటి అరుగనుకున్నావా అమ్మా?" అన్నాను. నలుగురు నవ్వారు.

"మొన్న మీ కొబ్బరికాయల బస్తాలు ఎక్కేదాకా ఆగేమండి, ప్రెసిడెంటు గారూ," అన్నాడు డ్రైవరు.

కెజియా తల ఎత్తలేదు. "ఆయ్, అయిపోయిందండి," అని పాలు తాగుతున్న పిల్లను విడదీసి, అత్తగారి చేతికిచ్చి, విజిల్ ఊదింది.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లను ఊపుతూ వాళ్ళత్తగారు బస్సు షెల్టర్లో నిలబడి ఉంది. ఆ షెల్టరు నేను కట్టించిందే. ఆవిడ తల పైన గోడ మీద నా పేరుంది. అంత పెద్ద అక్షరాలతో ఎందుకు రాయించానా అనిపించింది.